మా కాలనీ జాగా గొడవకు తైవాన్ మంత్రి మందు: పోలిస్ వాడి చూశాక

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. పైసా ఖర్చు లేదు, యాప్ దించుకునే పని లేదు, లింకు నొక్కితే ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. పేరు పోలిస్. పది మంది పది రకాలుగా అరుస్తున్న చోట, అందులో నిజంగా తేడా ఎక్కడుంది, ఎక్కడ లేదు అని చూపించే వెబ్‌సైటు. అమెరికాలో సియాటిల్‌లో కొంతమంది 2012 ప్రాంతంలో మొదలుపెట్టారు, కోడ్ అంతా ఎవరైనా చూసుకునేలా బయటే పెట్టారు, ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థ ఒకటి నడుపుతోంది. పుట్టింది అమెరికాలోనే అయినా దాని పేరు మోగింది తైవాన్‌లో, అదీ 35 ఏళ్లకే మంత్రి అయిన ఒక ప్రోగ్రామర్ వల్ల. నేనూ ఆ మనిషి గురించి చదువుతూ పోయి దీని దగ్గర తేలాను, కాబట్టి ఈ రివ్యూలో సగం ఆ కథే ఉంటుంది. ఓపిక లేనివాళ్లు కిందికి జరిపి మా కాలనీలో ఏమైందో చదువుకోండి, నేనేం అనుకోను.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. హైదరాబాద్ కంపెనీ, ఇంటి నుంచే పని. ఏ సైటు చూసినా ముందు ఇది ఎక్కడ విరుగుతుంది అని వెతకడం అలవాటైపోయింది, పెళ్లి కార్డు చూసినా ముందు అచ్చు తప్పులే కనపడతాయి.

గొడవ సంగతి. హన్మకొండలో కేయూ క్రాస్ రోడ్డు దాటాక లోపలికి ఉంటుంది మా కాలనీ, 110 ఇళ్లు. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన జాగా ఒకటుంది. అది పార్కు అయింది లేదు. పొద్దున పిల్లల క్రికెట్, సాయంత్రం పోరగాళ్ల షటిల్, మిగతా టైమంతా కార్లు. ఏడాదిలో తొమ్మిది రోజులు మాత్రం అది బతుకమ్మ జాగా. సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు పోయేవాళ్లు పోతారు గానీ, ఎంగిలిపూల నుంచి అంతవరకు ఆట ఇక్కడే. పోయినేడు రెండు కార్లు ఎవరూ తీయలేదు, ఆడవాళ్లు వాటిని తప్పించుకుంటూ ఆడారు. "బతుకమ్మ సుట్టు తిరగాల్నా, కారు సుట్టు తిరగాల్నా?" అని మా అత్తమ్మ ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఈ ఏడు అసోసియేషన్ ప్రెసిడెంట్ సారు, రిటైరైన హెడ్‌మాస్టర్, జాగా మొత్తానికి సీసీ పోసి, తెల్ల గీతలు గీసి, కారుకు నెలకు 300 వసూలు చేద్దాం, ఆ డబ్బుతో వాచ్‌మన్‌ను పెడదాం అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆలోచన చెడ్డదేం కాదు. కానీ గ్రూపులో పెట్టడమే తప్పయింది. ఆ ఒక్క రాత్రి 240 మెసేజ్‌లు. సీసీ నుంచి బతుకమ్మకు, బతుకమ్మ నుంచి ఎవరింటి ర్యాంపు రోడ్డు మీదికి ఎంత వచ్చింది అన్నదానికి, అక్కడి నుంచి 2020 ఆగస్టు వానలకు ఎవరి గోడ వల్ల నీళ్లు ఎవరింట్లోకి వచ్చాయి అన్నదానికి. ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఒకరిని మళ్లీ చేర్చారు, ఆయన మళ్లీ వెళ్లిపోయారు. మా ఇంట్లోనే రెండు పార్టీలు, మా ఆయన కారు పార్టీ, అత్తమ్మ బతుకమ్మ పార్టీ, అన్నం వడ్డిస్తూ ఇద్దరి మాటా విన్నదాన్ని నేను.

ఆ రాత్రి నిద్ర పట్టక, జనం ఆన్‌లైన్‌లో కొట్టుకోకుండా మాట్లాడుకునే పద్ధతి ఏదైనా ఎవరైనా కనిపెట్టారా అని వెతికితే ఆడ్రీ టాంగ్ పేరు వచ్చింది. 2024 దాకా తైవాన్ డిజిటల్ మంత్రి. నాకు అప్పటిదాకా తైవాన్ అంటే కంప్యూటర్ చిప్పులు, అంతే.

మన దగ్గర ఐటీ మంత్రి అనగానే కంపెనీలు గుర్తొస్తాయి. 2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ సెంటర్లు మొదలైనప్పుడు మా బ్యాచ్ వాళ్లందరం హైదరాబాద్ అద్దెలు తప్పుతాయని సంబరపడ్డాం. తప్పేం లేదు, ఉద్యోగం ముఖ్యం. కానీ ఈ మంత్రి చేసిన పని ఆ వరుసలోది కాదు. ప్రభుత్వానికీ జనానికీ మధ్య మాట ఎలా నడవాలి అన్నదాన్ని సాఫ్ట్‌వేర్ సమస్యలాగా పట్టుకున్నారు.

పుట్టింది 1981 ఏప్రిల్‌లో, తైపేలో. పుట్టుకతోనే గుండెలో లోపం. 12 ఏళ్లకు ఆపరేషన్ అయ్యేదాకా గుండె దడ పెరగకుండా, కోపం రాకుండా చూసుకుంటూ బతకాల్సి వచ్చిందట. రాత్రి పడుకుంటే పొద్దున లేస్తామో లేదో తెలియదు కాబట్టి, ఆ రోజు నేర్చుకున్నది ఆ రోజే నలుగురికీ అందేలా పెట్టేయడం అప్పుడే అలవాటైందని ఆడ్రీ తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నారు. 8 ఏళ్లకు ప్రోగ్రామింగ్ పుస్తకం దొరికితే, ఇంట్లో కంప్యూటర్ లేక కాగితం మీద కీబోర్డు గీసుకుని నేర్చుకున్నారు. (మేం కూడా డిప్లొమాలో సీ ప్రోగ్రాములు కాగితం మీదే రాశాం, పరీక్షల్లో. మమ్మల్ని ఎవరూ మేధావులు అనలేదు.) 14 ఏళ్లకు బడి మానేశారు. నెట్‌లో దొరికే పరిశోధన పత్రాలు చదువుతూ, వాటిని రాసినవాళ్లకే మెయిళ్లు పెట్టి మాట్లాడుతున్నాను, బడికి వస్తే ఆ టైమ్ పోతోంది అని చెబితే హెడ్‌మాస్టర్ ఒప్పుకున్నారట. మా బడిలో ఈ మాట అంటే చేతిలో టీసీ పెట్టి, సాయంత్రానికి బాపును పిలిపించేవాళ్లు.

తర్వాత అంతా సాఫ్ట్‌వేర్ జీవితమే. పదిహేను పదహారేళ్లకే కంపెనీ పని, 2005లో పర్ల్ 6 అనే ప్రోగ్రామింగ్ భాషను హాస్కెల్ అనే ఇంకో భాషలో అమలు చేసే పగ్స్ ప్రాజెక్టు, తర్వాత ఆపిల్‌కు, ఐఫోన్‌లో మాటకు జవాబిచ్చే సిరి పని మీద సలహాదారు, 33 ఏళ్లకు వ్యాపారం నుంచి రిటైర్‌మెంట్. 2005 చివర్లోనే పేరు మార్చుకుని మగ గుర్తింపు వదిలేశారు. మంత్రి అయ్యేటప్పుడు నింపే ఫారంలో లింగం దగ్గర 'లేదు' అని, పార్టీ దగ్గర కూడా 'లేదు' అని రాశారు. ఇంగ్లిష్‌వాళ్లు ఈ మనిషి గురించి రాయాలంటే ఆమె అనాలా, అతను అనాలా అని తంటాలు పడుతుంటారు, మనకా టెన్షన్ లేదు, 'వచ్చారు, అన్నారు' అంటే మర్యాదా అయిపోయింది, గొడవా తీరిపోయింది.

ఇప్పుడు అసలు మలుపు. 2014 మార్చి 18న తైవాన్ విద్యార్థులు తమ పార్లమెంటు భవనంలోకి చొరబడి కూర్చున్నారు. చైనాతో సేవల వ్యాపార ఒప్పందాన్ని సరిగ్గా చర్చించకుండా ముందుకు తోస్తున్నారని వాళ్ల కోపం. ఏప్రిల్ 10 దాకా కదల్లేదు. దాన్ని పొద్దుతిరుగుడు ఉద్యమం అంటారు. సరిగ్గా ఆ రోజుల్లో ఇక్కడ మనం పార్లమెంటులో తెలంగాణ బిల్లు పాసై, జూన్ 2 ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాం, అందుకే కాబోలు ఎక్కడో తైవాన్‌లో ఏమవుతోందో మన చెవిన పడలేదు. లోపల కూర్చున్న పిల్లలకూ బయట రోడ్ల మీద ఉన్న జనానికీ మధ్య పుకార్లు మొదలైతే పని చెడుతుందని, గవ్ జీరో అనే ప్రోగ్రామర్ల గుంపు లోపలి నుంచి లైవ్ ప్రసారం పెట్టింది. ఆ వైర్లు లాగిన చేతుల్లో ఆడ్రీవి కూడా ఉన్నాయి. లోపల ఏం మాట్లాడుతున్నారో బయటివాళ్లకు తెరమీద కనపడుతుంటే పుకారుకు తిండి ఉండదు కదా.

అదే ఏడాది డిసెంబర్‌లో జాక్లిన్ సాయ్ అనే మంత్రి స్వయంగా ఆ గుంపు హ్యాకథాన్‌కు (ప్రోగ్రామర్లు ఒక దగ్గర కూర్చుని పనిచేసే సభ) వచ్చి, కొత్త చట్టాల మీద జనంతో మాట్లాడటానికి ఒక పద్ధతి తయారుచేసిపెట్టండి అని అడిగారు. కొన్ని నెలల కింద ప్రభుత్వాన్ని తిట్టినవాళ్ల దగ్గరికే మంత్రి వచ్చి అడగడం అన్నమాట. అలా పుట్టింది వీ తైవాన్. అందులో వాడిన సరుకే ఈ పోలిస్.

దీని పద్ధతి ఎంత సాదా అంటే మొదట నేను ఇంతేనా అనుకున్నాను. ఒక్కో వాక్యం తెరమీద వస్తుంది. అవును, కాదు, వదిలేయ్, ఈ మూడింట్లో ఒకటి నొక్కాలి. నీకు వేరే మాట ఉంటే నువ్వే ఒక వాక్యం రాసి చేర్చొచ్చు, అది మిగతావాళ్ల ముందుకు వస్తుంది. రిప్లై మాత్రం లేదు. ఎవరి వాక్యం కిందా ఏమీ రాయలేవు. మొత్తం సరుకులో నాకు నచ్చింది ఈ లేని బటనే. వాట్సాప్‌లో మనిషి మాటకు జవాబు ఇవ్వడు, మనిషికి జవాబు ఇస్తాడు. నీ ర్యాంపు సంగతి ముందు చూసుకో అంటాడు. ఇక్కడ అలా అనడానికి జాగా లేదు, నీ బాధ ఏంటో నువ్వు వేరే వాక్యంగా రాసుకోవాల్సిందే.

లోపల జరిగేది లెక్క. ఎవరు దేనికి అవునన్నారు, దేనికి కాదన్నారు అన్నది చూసి, ఒకేలా నొక్కినవాళ్లను ఒక దగ్గర చేర్చి బొమ్మ గీస్తుంది. ఈ గుంపు ఇటు, ఆ గుంపు అటు అని కనపడుతుంది. అంతవరకైతే మన పార్టీలు మనకు తెలిసినవే. కానీ రెండు గుంపులూ ఒప్పుకున్న వాక్యాలు ఏవో కూడా బయటికి లాగి చూపిస్తుంది. ఎక్కువమంది ఉన్న గుంపు గెలిచింది అనదు. అటువాళ్లూ ఇటువాళ్లూ ఇద్దరూ తల ఊపిన మాటకు విలువ ఇస్తుంది.

2015లో వాళ్లు ఉబర్ గొడవ మీద వాడారు. హన్మకొండ బస్టాండు బయట ఆటో అన్నలకూ యాప్ బైకుల పిల్లలకూ మాట పెరగడం చూసినవాళ్లకు ఆ గొడవ వివరించి చెప్పక్కర్లేదు. లైసెన్సు టాక్సీవాళ్లు ఒకవైపు, ఫోన్‌లో పిలిస్తే వచ్చే బండి కావాలనేవాళ్లు ఒకవైపు. మొదట బొమ్మలో రెండు గుంపులు దూరంగానే ఉన్నాయి. వారాలు గడిచేకొద్దీ, తమ వాక్యానికి అవతలి గుంపు కూడా అవును అనాలంటే ఎలా రాయాలి అని జనమే మాట మార్చి రాయడం మొదలుపెట్టారు. చివరికి ప్రయాణికులకు ఇన్సూరెన్స్ ఉండాలి, డ్రైవర్ రిజిస్టర్ అయి ఉండాలి, పన్ను కట్టాలి అన్న మాటల దగ్గర అందరూ కలిశారు. తర్వాత టాక్సీ సంఘాలనూ, కంపెనీనీ, అధికారులనూ కూర్చోబెట్టి, అదంతా లైవ్‌లో చూపిస్తూ, ఈ వాక్యాల మీద మీరేమంటారు అని అడిగారు. 2016లో యాప్‌తో పిలిచే టాక్సీలకు కొత్త నియమాలు వచ్చాయి. ఉబర్ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పక్కకు తప్పుకుని, ఏప్రిల్‌లో లైసెన్సు ఉన్న అద్దె కార్ల కంపెనీలతో కలిసి మళ్లీ వచ్చింది.

2016 అక్టోబర్ 1న ఆడ్రీ మంత్రి అయ్యారు. మూడు షరతులు పెట్టారు. ఎక్కడి నుంచైనా పనిచేస్తాను, ఆజ్ఞలు ఇవ్వను తీసుకోను, నేను ఉన్న ప్రతి మీటింగులో మాట్లాడినదంతా రాతపూర్వకంగా బయట పెడతాను. మూడోది చదివి నేను ఆగిపోయాను. మా అసోసియేషన్ మీటింగులో ఏం తీర్మానించారో, మీటింగుకు వెళ్లిన ఐదుగురు ఐదు రకాలుగా చెబుతారు.

ఇక మా కథ. మరుసటి రోజు ప్రెసిడెంట్ సారు ఇంటికి వెళ్లాను. తైవాన్ గీవాన్ అంటే లేచిపోతారని, పిల్లల పరీక్షల్లో అవును కాదు ప్రశ్నలు పెడతారు కదా సార్, అట్లాంటిదే అన్నాను. ఆయన కాసేపు చూసి, "నలభై ఏండ్లు పేపర్లు దిద్దినమ్మా, ప్రశ్న సక్కగ లేకుంటె జవాబు ఎట్లొస్తది? ప్రశ్నలు నాకు సూపెట్టు" అన్నారు. ఆయన అన్నదే జరిగింది, చెప్తా ఉండండి.

నేను 12 వాక్యాలు రాసి మొదలుపెట్టాను. మొదటి వాక్యం: 'జాగాకు సీసీ పోసి పార్కింగ్ గీతలు గీయాలి.' రెండు రోజుల్లో లెక్క గందరగోళం అయిపోయింది. గీతలు కావాలి, సీసీ వద్దు అనేవాళ్లు ఏది నొక్కాలి? ఒక వాక్యంలో ఒకటే సంగతి ఉండాలి అన్నది టెస్టింగ్‌లో నేను రోజూ అందరికీ చెప్పే పాఠం, నేనే తప్పాను. ఇంకోటి, లింకును ఎవరో తమ బంధువుల గ్రూపులో పడేశారు, కరీంనగర్‌లో ఉన్న మరదలు కూడా మా జాగా మీద ఓటు వేసింది. అదంతా మూసేసి, వాక్యాలు విడగొట్టి, సారు దిద్దాక, ఈసారి ఇంటింటికీ విడిగా లింకు పంపి మళ్లీ మొదలుపెట్టాను. వాక్యాలు ఈసారి సారు ఎర్రపెన్నుతో దిద్దినవి, మూడు కొట్టేశారు, ఒకదాని పక్కన 'స్పష్టత లేదు' అని కూడా రాశారు.

ఇక్కడ ఆడ్రీ దగ్గర నేర్చుకున్న ఒక కిటుకు వాడాను. 2017లో తైవాన్‌లో ఆన్‌లైన్‌లో పన్ను కట్టే సాఫ్ట్‌వేర్ మీద ఒక డిజైనర్ మండిపడుతూ, బాంబు పేలినంత ఘోరంగా ఉంది వాడటానికి అన్న ధోరణిలో ప్రభుత్వ పిటిషన్ సైట్‌లో పెట్టాడు. జనం వెనకాల చేరి తిట్లు మొదలుపెట్టారు. మన దగ్గరైతే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి, నేను ఒక సర్టిఫికెట్ కోసం ఒక సైటులో ఐదుసార్లు అదే ఫోటో ఎక్కించాను, ఎవరికి చెప్పాలో కూడా తెలియలేదు. అక్కడ మాత్రం ఆడ్రీ ఆఫీసూ ఆర్థిక శాఖా కలిసి, తిట్టినవాళ్లనే రండి, కూర్చుని మీరే బాగు చేయండి అని పిలిచాయి. వర్క్‌షాపులు పెట్టి, ఎక్కడ అడుగు తడబడుతోందో గోడ మీద కాగితాలు అంటించి చూశారు. తర్వాత రెండేళ్లలో కొత్త పద్ధతి వచ్చింది.

మా గ్రూపులో అందరికన్నా గట్టిగా అరిచింది మూడో లైన్‌లో ఉండే ఒక కాకా. రెండు కార్లు ఉన్నాయి, నోరు కూడా రెండు కార్లకు సరిపడా ఉంది. ఆయన ఇంటికి వెళ్లి, కాకా, నువ్వే ఐదు వాక్యాలు రాయి, నీ పేరు ఎక్కడా కనపడదు అన్నాను. మొదట నన్ను అనుమానంగా చూశారు. తర్వాత కూర్చుని పది రాశారు. అందులో ఒకటి: 'నా కారు ఇంటి ముందు పెడితే చెత్త బండి పోదు, అందుకే జాగాలో పెడుతున్నా.' ఈ ఒక్క ముక్క 240 మెసేజ్‌లలో ఎక్కడా లేదు! కార్లవాళ్లది బద్ధకం అనుకున్నాం మేమంతా. మా లైన్ రోడ్డు వెడల్పు కాబట్టి మాకు తెలియలేదు.

పెద్దవాళ్లతో మాత్రం కష్టపడ్డాను. మా అత్తమ్మ, పక్కింటి చిన్నమ్మ, ఇంకో నలుగురు సాయంత్రం అరుగు మీద కూర్చుంటే, వాళ్ల ఫోన్లలో లింకు తెరిచి ఇచ్చాను. పచ్చది అవును, ఎర్రది కాదు అన్నాను. "గీ బటన్ ఒత్తితె గొడవ ఒడుస్తదా బిడ్డా?" అంది అత్తమ్మ. ఒడవదు గానీ ఎక్కడుందో తెలుస్తది అన్నాను. చిన్నమ్మ ఫోన్ పక్కన పెట్టి, "గివన్ని గాదు, చీకటైతె గా జాగల నడవాల్నంటె భయమైతుంది. ముందుగాల లైటు పెట్టుమను" అంది. అదే వాక్యం ఆమె మాటల్లోనే ఎక్కించాను.

తొమ్మిది రోజులు ఉంచాం. 63 మంది నొక్కారు. కాలనీ మొత్తం లెక్కకు ఇది తక్కువే, కానీ అసోసియేషన్ మీటింగుకు ఎప్పుడూ పదిహేను మంది దాటి రారు.

బొమ్మ చూస్తే ఊహించినట్టే రెండు గుంపులు. కార్లవాళ్లు, జాగావాళ్లు. నెలకు 300 దగ్గర, షటిల్ టైము దగ్గర, గీతల దగ్గర రెండూ విడిపోయాయి. కానీ సీసీ దగ్గర విడిపోలేదు. ఇది నేను కలలో కూడా అనుకోలేదు. రెండు గుంపులూ వద్దన్నాయి! కార్లవాళ్లలో చాలామంది ఇళ్లు పల్లం వైపు ఉన్నాయి, మొత్తం సీసీ పోస్తే వాన నీళ్లు భూమిలో ఇంకక తమ గేట్లలోకే వస్తాయని వాళ్ల భయం. నయీంనగర్ నాలా పొంగిన 2020 వానలు చూసినవాళ్లు ఎవరూ ఆ భయాన్ని తీసిపారేయలేరు. జాగావాళ్లకు మట్టి నేల మీద బతుకమ్మ ఆడాలి. కారణాలు వేరు, నొక్కింది ఒకటే బటన్. అంటే మేం ఒక రాత్రంతా కొట్టుకున్న సీసీని కోరుకున్నవాళ్లు నొక్కిన 63 మందిలో ఎనిమిది మంది. రెండు వైపులా ఒప్పుకున్నవి ఇంకా మూడున్నాయి: చిన్నమ్మ లైటు, మోరం పోసి రోలర్ తొక్కించడం, బతుకమ్మ తొమ్మిది రోజులు సాయంత్రం ఐదు నుంచి ఒక్క కారు కూడా ఉండకపోవడం. చివరిదానికి కాకా కూడా అవునన్నారని ఆయనే చెప్పారు, మరి రెండు కార్లు ఎక్కడ పెడతారో ఆయనకే తెలియాలి.

ఫలితం సారు ముందు పెట్టాను. ఆయన ఆలోచనకే ఎనిమిది ఓట్లు, కొంచెం ముఖం మాడింది. అప్పుడే గ్రూపులో ఇంకో పుకారు లేచింది, జాగాను ఎవరికో అమ్మేస్తున్నారట, ఈ సర్వే అంతా అందుకేనట. సారు కోపంగా పెద్ద మెసేజ్ రాయబోతే ఆపి, తైవాన్ టాయిలెట్ పేపర్ కథ చెప్పాను. 2020 ఫిబ్రవరిలో మాస్కులకూ టాయిలెట్ పేపరుకూ ఒకటే ముడిసరుకు అని పుకారు లేచి జనం దుకాణాల మీద పడితే, ప్రధాని సు త్సెంగ్-చాంగ్ తన పిర్రలు ఊపుతున్న కార్టూన్ వేయించి, మనకందరికీ ఉన్నది ఒక్క జతే అని పెట్టించారు. వాళ్ల భాషలో దాచిపెట్టుకోవడానికీ పిర్రలకూ పలకడం దగ్గరగా ఉంటుంది. ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుందో చిన్న పట్టిక కూడా పక్కనే. జనం నవ్వి ఇంటికి పోయారు. పుకారు కన్నా నవ్వు ముందు చేరాలి అన్నది ఆడ్రీ వాళ్ల లెక్క. సారు పిర్రలు ఊపే మనిషి కాదు కాబట్టి, మా ఆయన సారు ఫోటో పక్కన 'ఈ జాగా అమ్మబడదు, నా బీపీ మాత్రం అమ్మబడును' అని రాసి పెట్టాడు. సారే అందరికన్నా ముందు నవ్వే బొమ్మ పెట్టారు. పుకారు ఆ రాత్రికే చల్లబడింది.

మాస్కుల సంగతి కూడా ఒక్క ముక్క. 2020 ఫిబ్రవరి 6 నుంచి తైవాన్‌లో ఆరోగ్య బీమా కార్డు చూపిస్తే పెద్దవాళ్లకు వారానికి రెండు మాస్కులు. ఏ మందుల షాపులో ఎన్ని మిగిలాయో ఆ లెక్కను ప్రభుత్వం ఎప్పటికప్పుడు బయట పెట్టింది, బయటి ప్రోగ్రామర్లు దాంతో మ్యాపులు తయారుచేశారు. మొదటి మ్యాపు చేసిన ఒక ప్రోగ్రామర్‌కు గూగుల్ మ్యాప్స్ బిల్లు వాచిపోతే, ఆడ్రీ ఆ ఆలోచనను మంత్రివర్గంలో పెట్టి ప్రభుత్వ లెక్కలు తెరిపించారు. మంత్రి తన యాప్ అంటూ ఒకటి చేసి రిబ్బన్ కత్తిరించలేదు. ఇది చెప్పాక మా ట్రెజరర్ అన్న అసోసియేషన్ జమా ఖర్చు మొత్తం గ్రూపులో పెట్టాడు, లైటుకు వచ్చిన కొటేషన్‌తో సహా. అరగంటలో ఒకాయన, నా తమ్ముడు ఎలక్ట్రికల్ షాపులోనే ఉంటాడు, అందులో సగానికి వస్తది అన్నాడు.

ఇప్పుడు ఆ కోసిన ఒక్క నక్షత్రం. పోలిస్ దేనికీ ఎవరినీ కట్టుబడేలా చేయదు. బొమ్మ గీసి ఊరుకుంటుంది. తైవాన్‌లో కూడా వీ తైవాన్‌లో తేలింది ప్రభుత్వం అమలు చేసి తీరాలి అన్న రూలు లేదు, వినే మంత్రి ఉన్నంతకాలం విన్నారు, తర్వాత తర్వాత దాని జోరు తగ్గింది. ఆడ్రీ 2022 ఆగస్టులో కొత్తగా పెట్టిన డిజిటల్ శాఖకు మొదటి మంత్రి అయ్యారు, 2024 మే 20న దిగిపోయారు. మా దగ్గర సారు కాకుండా ఇంకో మొండి మనిషి ప్రెసిడెంట్ అయి ఉంటే, ఈపాటికి సీసీ లారీ వచ్చి నిలబడేది, నా బొమ్మ నా ఫోన్‌లో ఉండేది. ముందే నిర్ణయం తీసేసుకుని, జనాన్ని అడిగాం అనిపించుకోవడానికి వాడితే ఇది మోసానికి కూడా పనికొస్తుంది.

ఇంకో సంగతి, అపార్ట్‌మెంట్‌లో పన్నెండు ఇళ్లు ఉంటే దీని జోలికి పోకండి, కుర్చీలు వేసుకుని ఛాయ్ తాగుతూ మాట్లాడుకోండి. ఎవరు ఎక్కువ ఎవరు తక్కువ అన్న ఓటింగుకు కూడా కాదు. వంద దాకా మనుషులు, నాలుగైదు కోరికలు ముడిపడిన గొడవ, వినే ఉద్దేశం ఉన్న పెద్దమనిషి ఒకరు, ఈ మూడూ ఉంటేనే వాడండి. వాక్యాలు తెలుగులోనే రాయండి, అదీ మీ అరుగు మీద మాట్లాడే తెలుగులో. నేను మొదట రాసిన 'వాహన నిలుపుదల స్థలం' అన్న వాక్యాన్ని అరుగు మీద అందరూ వదిలేయ్ నొక్కారు.

లైటు పోయిన గురువారం పెట్టారు, చిన్నమ్మ స్విచ్ వేసింది. షటిల్ గొడవ అలాగే ఉంది. మోరం ట్రాక్టర్ ఆదివారం వస్తుందన్నారు, బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ఇంకా మూడు వారాలుంది, అప్పటికి రోలర్ కూడా తొక్కించకపోతే ఇక్కడే వచ్చి ఇంకో నక్షత్రం కోస్తాను, కానీ అది పోలిస్‌కు కాదు.